వెనక సీట్లో కూర్చుని చెప్పిన మాటలు

మా ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడానికి చోటు ఉండేది కాదు. ఇల్లు చిన్నదని కాదు. విరుదునగర్ చివర మా మామ కట్టిన ఇల్లది. ముందు నాలుగు గదులు, వెనక షెడ్డులో పన్నెండు మరమగ్గాలు. పొద్దున ఆరింటికి మగ్గాలు మొదలైతే నేల అదిరేది, చెంబులో నీళ్ళు వణికేవి. ఉప్పు కావాలన్నా కేకే, పిల్లని బుజ్జగించాలన్నా కేకే. ఎవరైనా గొంతు తగ్గించారంటే మా అత్తకి వెంటనే అనుమానం, ఏంది గుసగుస అని వచ్చి నిలబడేది. కట్టుకున్నవాడితో గుట్టుగా ఒక ముక్క చెప్పాలన్నా వీధంతా వినాల్సిందే.

అందుకని బండే మా గది అయింది. ఆదివారం మగ్గాలకి సెలవు. మా ఆయన బండి తీస్తే నేను వెనకెక్కి కోవిల్‌పట్టిలో మా అమ్మ ఇంటికి పోయేదాన్ని. గంట పైచిలుకు దారి. రెండు పక్కలా నల్ల భూమి, పత్తి, మిరప, పంట లేని కాలంలో చెయ్యి దూరేంత పగుళ్ళు. అప్పట్లో మా ఊళ్ళలో హెల్మెట్ ఎవరు పెట్టుకున్నారు. ఆయన ఎడమ భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి, వారమంతా కడుపులో దాచుకున్నదంతా కక్కేసేదాన్ని. దారి మధ్యలో వచ్చే సాత్తూరు దాకా మా అత్త సంగతులు, సాత్తూరు దాటాక నా సంగతులు. పాప దగ్గు, ఎదురింటావిడ ఎత్తిపొడుపు, నీలం చొక్కాలో ఆయన బాగుంటాడన్న మాట కూడా. చెప్పడానికేమీ మిగలకపోతే కూనిరాగం తీసేదాన్ని.

ఆయన తలూపేవాడు. అప్పుడప్పుడు ఊ అనేవాడు. నాకింకేం కావాలి. మా అమ్మ వీధిలో ఆడవాళ్ళు తమ మొగుళ్ళు ఒక్క మాట చెవిన పెట్టరని ఏడుస్తుంటే నేను లోలోపల మురిసిపోయేదాన్ని. నా మొగుడు గంటసేపు అడ్డు రాకుండా వింటాడు కదా అని. నా మొహం.

పెళ్ళయిన మూడో ఏడు ఒక ఆదివారం మా నాన్న నా చేతిలో ఒక కవరు పెట్టాడు. పెళ్ళికి ముందు నేనొక పరీక్ష రాశాను. తూత్తుకుడి హార్బరులో గుమాస్తా ఉద్యోగానికి ఆర్డరు వచ్చింది. పర్మనెంటు. మా నాన్న జవళి కొట్టు మనిషి, మాట తక్కువ. నీ మొగుణ్ణి అడుగు, ఆయన ఏమంటే అది, అని మాత్రం అన్నాడు. మా అమ్మ మాత్రం వంటింట్లోకి లాక్కెళ్ళి అన్నీ తేల్చేసింది. పాపని తను చూసుకుంటుంది. నేను కోవిల్‌పట్టి నుంచి రోజూ బస్సులో తూత్తుకుడి పోయి వస్తాను. శనివారం సాయంత్రం విరుదునగర్ చేరతాను. ఇక మిగిలింది ఆయన్ని అడగడమే.

ఆ సాయంత్రం తిరిగి వస్తుంటే, సాత్తూరు వంతెన దాటాక, లారీ ఒకటి పక్కనుంచి పోతుండగా అడిగాను.

"తూత్తుకుడినించి ఉద్యోగానికి ఆర్డరు వొచ్చుండాది. పాప చిన్నది గదా. వొద్దని రాసి పెట్టేదా?"

ఆయన తలూపాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. గంగిరెద్దు నయం, దానికి డోలు వాయించాలి.

ఇంటికొచ్చాక ఏమైనా అంటాడేమో అని చూశాను. అన్నం తిన్నాడు, మజ్జిగ అడిగాడు, పడుకున్నాడు. మర్నాడూ అంతే. మౌనం అర్ధాంగీకారమంటారు, ఇక్కడ తల కూడా ఊపాడు, ఇంకేం కావాలి అనుకున్నాను. నాలుగో రోజు నాకు ఉద్యోగం వద్దని ఉత్తరం రాసి, స్టేషను దగ్గరి పోస్టుడబ్బాలో వేసి వచ్చాను. వచ్చేదారిలో పాపకి జామకాయలు కొన్నట్టు గుర్తు.

నేను ఊరుకునే రకం కాదు. రేషను క్యూలో ముందుకి దూరిన పోలీసాయన భార్యని చెయ్యి పట్టి వెనక్కి లాగినదాన్ని. పిల్లదాని కాలు తొక్కాడని ఒక డ్రైవర్ని బస్సు దించి నిలబెట్టినదాన్ని. అలాంటిదాన్ని, ఆ తలూపుడు గురించి మళ్ళీ నోరెత్తలేదు. భుజం మీది చెయ్యి తీసేసి సీటు వెనక కమ్మీ పట్టుకోవడం మొదలుపెట్టాను. మాట్లాడటం మానలేదు కానీ వీధి సంగతులే చెప్పేదాన్ని. ఆయన ఏ చీర తెచ్చినా రంగు బాగాలేదన్నాను. జ్వరం వస్తే కషాయం పెట్టాను, కాళ్ళు పట్టాను, పక్కన కూర్చుని మాత్రం మాట్లాడలేదు. కోవిల్‌పట్టి బస్టాండులో తూత్తుకుడి బస్సు కోసం ఇస్త్రీ చీరలూ హ్యాండుబ్యాగులూ వేసుకుని నిలబడ్డ ఆడవాళ్ళని చూస్తే కడుపు రగిలిపోయేది. ఇరవై రెండేళ్ళు ఇలాగే గడిచాయి. ఇంట్లో ఇంతమంది ఉన్నారు, నాకు ఎవరూ లేరనిపించేది.

ఆ మధ్యలోనే అత్తా మామా పోయారు. పాప చదువుకుని కోయంబత్తూరులో ఉద్యోగంలో చేరింది. రెండేళ్ళ కింద గుడ్డ అమ్ముడుపోక మగ్గాలు పాత ఇనుముకి ఇచ్చేశాం. పన్నెండు మగ్గాలూ లారీ ఎక్కిన రోజు నుంచి ఇల్లు ఎంత నిశ్శబ్దమైందంటే బల్లి అరిస్తే ఉలిక్కిపడేవాళ్ళం. ఇప్పుడు కావలసినంత చోటు, కావలసినంత తీరిక. మాకు మాత్రం చెప్పుకోవడానికి ఏమీ లేకపోయింది. నేను పక్కనే ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పి వచ్చేదాన్ని. ఆయన ఫోనులో బండి ప్రయాణాల వీడియోలు చూస్తూ కూర్చునేవాడు, కింద అక్షరాలు పడేవి. స్పెయిన్ దేశం దక్షిణాన ఏదో కొండదారి, రెండు పక్కలా ఒకటే రకం చెట్లు. దాన్నే మళ్ళీ మళ్ళీ పెట్టేవాడు.

పాప అది కనిపెట్టింది. మా స్కూలు అర్ధసంవత్సరం పరీక్షల సెలవులు చూసి, డిసెంబరు ఇరవై నుంచి పదిరోజులకి టిక్కెట్లు తీసి, అక్కడ బండి కూడా అద్దెకి మాట్లాడి పెట్టింది. యాభై దాటిన మొగుడూ పెళ్ళాం చలికాలంలో పరాయి దేశంలో బైకెక్కి ఊరేగడమేంటి, చాల్లే సంబడం, అన్నాను. నాలుగు రోజులు సణిగాను. అయినా బయల్దేరాను. అక్కడైనా ఈ మనిషి నాతో మాట్లాడతాడేమో చూద్దామన్న ఆశ ఒకటి లోపల ఉండింది, దాన్ని ఎవరికీ చెప్పలేదు.

సముద్రం పక్కన మాలగా అనే ఊళ్ళో బండి తీసుకున్నాం. మా బండికి మూడింతలుంది. దుకాణంలో పిల్ల మాకు తల మొత్తం మూసే హెల్మెట్లు ఇచ్చి, వాటిలోపల స్పీకరూ మైకూ ఉన్నాయని, ఒకరి మాట ఒకరికి వినబడుతుందని సైగలతో చూపించింది. మా ఆయన తనకి ఆ మీటల గొడవ వద్దని ఆపేసుకున్నాడు. అసలే రోడ్డుకి కుడిపక్క నడపాలి, ఆయన బుర్రంతా దాని మీదే.

హెల్మెట్ పెట్టుకుంటే లోపల నా ఊపిరి తప్ప ఏమీ లేదు. పన్నెండు మగ్గాల మధ్య కూడా నాకు అంత మూసేసినట్టు అనిపించలేదు. ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండలు, మధ్యమధ్యలో సున్నం కొట్టిన ఊళ్ళు. ఎండ ఉంది కానీ ఒంటికి తగలదు. వీధుల్లో చెట్ల నిండా నారింజలు, కోసేవాళ్ళు లేరు. ఒకటి కోసి ఒలిచి నోట్లో పెట్టుకుంటే చేదు విషం. మధ్యాహ్నమైతే దుకాణాలన్నీ మూత. ఏ గోడ పక్కనో కూర్చుని రొట్టెలో కందిపొడి, నూనె వేసుకుని తినేవాళ్ళం. ఆయన చిన్నపిల్లాడిలా అదీ ఇదీ వేలు పెట్టి చూపించేవాడు. నేను ఊ అనేదాన్ని. సాయంత్రం గదికి చేరితే రేపటి దారి గురించి నాలుగు మాటలు, ఆరేసిన మేజోళ్ళ గురించి రెండు మాటలు. రెండో రోజు పొద్దున, వీడియోలో చూసిన ఆ ఆలివ్ చెట్ల మధ్య పోతుండగా నాకు ఏడుపొచ్చింది. మైళ్ళకు మైళ్ళు మనిషి లేడు, ముందున్న మనిషి ఉన్నాడో లేడో తెలీదు. హెల్మెట్‌లో ఏడిస్తే ఎవరికీ కనబడదు, ముక్కు తుడుచుకోవడమే కష్టం.

మూడో రోజు రోండా అనే కొండ ఊరికి పోతున్నాం. మలుపులు ఎక్కువ, ఫోను చెప్పే దారి వినబడాలని ఆయన పెట్రోలు బంకు దగ్గర ఆ మీటలన్నీ నొక్కి, శబ్దం చివరికంటా పెంచుకున్నాడు. నాకా సంగతి తెలీదు. బండి కదిలాక అలవాటుగా కూనిరాగం తీస్తున్నాను. ఉన్నట్టుండి చెవిలో ఆయన గొంతు.

"పాడేది నువ్వా?"

నేను అదిరిపడి ఆయన నడుం పట్టుకున్నాను. నేనే, ఇంకెవరు, అన్నాను. ఎన్నాళ్ళనుంచి ఇట్ల పాడతావుండావు అని అడిగాడు. పెళ్ళయినప్పట్నుంచీ, ప్రతి ఆదివారం, కోవిల్‌పట్టి రోడ్డు మీద, అన్నాను. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. పన్నెండేళ్ళ వయసు నుంచి షెడ్డులో ఉన్నవాడు, చెవులు ఎప్పుడో పోయాయట. ఎదురుగా ఉంటే పెదాలు చూసి తెలుసుకుంటాడు. మగ్గాలింట్లో అందరికీ చెవి మందమే, అందరూ అరిచేవాళ్ళే, అందుకని ఎవరూ పట్టించుకోలేదు. బండి మీద గాలి, లారీలు, నా నోరేమో వెనకాల. ఒక్క మాట కూడా వినబడేది కాదట.

"మెడమీద నీ ఊపిరి తగిలేది. మాట్లాడతావుండావని అట్ల తెలిసేది. బాగుండేది. వినపడలేదని చెప్తే నిలిపేస్తావని చెప్పలే."

ముందు నాకు నవ్వొచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఇన్నేళ్ళు ఊదానన్నమాట. మా అత్త మీద చెప్పిన చాడీలు, నీలం చొక్కా మాట, అంతా సాత్తూరు గాలికి పోయిందన్నమాట. ఆ నవ్వు సగంలో ఉండగానే వంతెన దాటాక అడిగిన మాట గుర్తొచ్చింది. ఏదీ వినబడలేదంటే అదీ వినబడలేదు. మరి ఇరవై రెండేళ్ళు నేను ఎవరి మీద కోపంగా ఉన్నాను?

ఆ రోజు అడగలేకపోయాను, మర్నాడు కూడా. ఆయనకేమో పండగైపోయింది. పొద్దున లేస్తూనే హెల్మెట్లకి చార్జింగ్ చూసుకునేవాడు. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు, అని దారంతా చెవిలో ఒకటే నస. చెట్టు చెప్పు, చలి చెప్పు, ఏదైనా చెప్పు. నా గొంతు ఇంత సన్నగా ఉంటుందని తెలీదట. అంత బాగా వినబడుతుందని తెలిశాక నా నోరు కట్టేసుకుపోయింది.

క్రిస్మస్ రోజు పగలు. ఊళ్ళన్నీ ఖాళీ. కిటికీల వెనక ప్లేట్ల చప్పుడు, పిల్లల అరుపులు, పొగగొట్టాల్లో కట్టెల వాసన. అందరూ లోపలున్నారు, రోడ్డు మీద మేమిద్దరమే. ఒక ఊరు దాటి పల్లంలోకి దిగుతుండగా ఇక ఆగలేకపోయాను. ఒక మాట అడగాలి, బండి మాత్రం ఆపొద్దు, అన్నాను. ఆపితే ఆయన నా మొహం చూస్తాడు. ఆర్డరు సంగతి మొదటినుంచి చెప్పాను. వంతెన, లారీ, అడిగిన మాట, ఆయన తలూపడం, నాలుగో రోజు ఉత్తరం.

బండి నెమ్మదించింది. ఆయన ఊపిరి వినబడుతోంది.

"హార్బరులోనా? నీకా?"

"ఊ."

"నేను తలూపితినా?"

రెండు మాట్లు, అన్నాను.

అది మగ్గం తలూపు, అన్నాడు. షెడ్డులో ఎవరైనా నోరు మెదిపితే, వినబడకపోతే, తల రెండుసార్లు ఆడిస్తారు. ఇప్పుడు కాదు, బయటికి వచ్చాక అడుగుతాను అని దానర్థం. మగ్గాలింట్లో పుట్టినవాళ్ళు బయట కూడా ఆ అలవాటు మానలేరు. బయటికి వచ్చాక నేనే మళ్ళీ చెప్తానని ఆయన అనుకుని ఉంటాడు. నేను చెప్పలేదు, ఆయన మరిచిపోయాడు.

మరి వినబడి ఉంటే ఏం చెప్పేవారు, అని అడిగాను. మూడు మలుపులు తిరిగాక జవాబు వచ్చింది.

"వొద్దనే చెప్పుంటాను, అమ్మకి బయపడి. అయితే నువ్వు విని వుండవు. నాతో జగడం పెట్టుకొని పోయుంటావు. నువ్వు అట్లాటిదానివి గదా."

ఆయన మళ్ళీ అడిగాడు.

"మగ్గం తలూపు నీకి తెల్దా?"

"తెల్దు," అన్నాను.

తెలుసు. కాపురానికి వచ్చిన మొదటి వారమే తెలుసు. షెడ్డులోకి కాఫీ తీసుకెళ్ళి సినిమాకి పోదామా అని అడిగితే ఆయన రెండుసార్లు తలూపాడు. నేను చీర మార్చుకుని వచ్చి నిలబడ్డాను. మా అత్త పడీ పడీ నవ్వి, ఆ తలూపుకి అర్థమేంటో చెప్పింది. మూడేళ్ళలో నేనూ నా పనుల మధ్య అలాగే తలాడించడం నేర్చుకున్నాను. ఆ ఆదివారం వంతెనకి ముందు సాత్తూరులో టీ తాగడానికి ఆగాం. ఆయన ఎదురుగా నిలబడి నా మొహమే చూస్తున్నాడు, నా పెదాలే చూస్తున్నాడు. కవరు నా బ్యాగులో ఉంది. నేను పాప టీకాల గురించి మాట్లాడాను. గ్లాసు కింద పెట్టి, బండెక్కి, వంతెన దాటనిచ్చి, లారీ పక్కకి వచ్చేదాకా ఆగి అప్పుడు అడిగాను.

ఆయన వద్దంటాడని నాకు భయం లేదు. ఎక్కడ పోయి రా అంటాడోనని భయం. రేషను క్యూలో కలబడటం వేరు. తూత్తుకుడిలో ఆ పెద్ద ఆఫీసు, ఇంగ్లీషులో ఫైళ్ళు, తెలియని మనుషుల మధ్య నా పేరు రాసిన బల్ల, దాని ముందు ఒక్కదాన్నే కూర్చోవడం. ఎవరైనా వద్దంటే బాగుండునని దేవుళ్ళకి మొక్కుకున్నాను. ఎవరూ అనలేదు. అందుకని ఒక చెవిటి మనిషి తలూపు తీసుకుని, దానికి నాకు కావలసిన అర్థం చెప్పుకుని, ఇరవై రెండేళ్ళు ఆయన్ని శిక్షించాను.

ఇవన్నీ చెప్పడానికి అక్కడ ఒక్క వాక్యం చాలు. చెవిలో చెప్పినంత స్పష్టంగా వినబడుతుంది. నేను నోరు తెరిచేలోపు ఆయన గొంతు వచ్చింది, బొంగురుగా.

"తప్పు నాది. చెవి పోయిందని నీకి ముందే చెప్పుండాల. నీ ఉద్యోగం నా వల్ల పాయె. మనసులో పెట్టుకోవద్దు."

నేను కమ్మీ వదిలి ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

"పోనీండి," అన్నాను.

ఇంటికొచ్చి ఏడాది కావస్తోంది. ఆయన చెవికి మిషను పెట్టించుకున్నాడు. నేను వంటింట్లో మెల్లగా పిలిచినా పలుకుతాడు. చుట్టాలెవరైనా వస్తే కూర్చోబెట్టి, నా చెవిటితనం వల్ల మా ఇంటిది హార్బరు ఉద్యోగం పోగొట్టుకునింది, అయినా ఒక్కనాడు ఎత్తిపొడవలేదు, అని చెప్తాడు. చెప్పేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. వాళ్ళు నన్ను మహా ఇల్లాలిలా చూస్తారు. నేను పక్కనే కూర్చుని మిక్చరు ప్లేటు వాళ్ళ ముందుకి జరుపుతాను. మా ఆయన ఇంత దగ్గరగా ఎప్పుడూ లేడు, నాకు ఇంత ఒంటరిగా కూడా ఎప్పుడూ లేదు.

మా ఇళ్ళలో తెలుగు నోటితోనే, బడి అంతా తమిళం. మా స్కూలుకి ఆంధ్ర నుంచి ఒక టీచరమ్మ వస్తే, నలభై దాటాక ఆమె దగ్గర పలక పట్టి ఈ అక్షరాలు నేర్చుకున్నాను. మా ఆయనకి తెలుగులో ఒక్క అక్షరం రాదు. ఏం రాస్తున్నావని రోజూ వచ్చి నా భుజం మీదుగా చూస్తాడు, చేతిరాత బాగుందంటాడు. తమిళంలో రాస్తే చదివేస్తాడు. అందుకే తెలుగులో రాశాను.